పెద్దాయన చెవి

పోయిన వారం ఆక్లండ్‌కు గంటన్నర దూరంలోని రోటోటూనాలో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు అల్లుడు టీవీకి కొత్త స్పీకర్లు బిగిస్తున్నాడు. అందరినీ కాసేపు మాట్లాడకుండా ఉండమని చెప్పి, ఫోను సోఫా మీద పెట్టగానే, గుమ్మని మొదలై పైపైకి పోయి సన్నటి ఈలగా మాయమయ్యే ఒక చప్పుడు వచ్చింది. గదికి తగ్గట్టు శబ్దాన్ని అదే సరిచేసుకుంటుందట. వాళ్లు సినిమా పెట్టుకున్నారు గానీ నా మనసు దాని మీద నిలవలేదు. ఒకప్పుడు ఆ చప్పుడు వినడమే నా ఉద్యోగం.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా వారి ఐటీ ఉద్యోగం మూలాన ఆక్లండ్ వచ్చి, శాండ్రింగ్‌హామ్‌లో చిన్న ఫ్లాట్‌లో దిగాం. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, అక్కడే పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన నన్ను ఇక్కడి అనుభవం లేదంటూ ఎవరూ పనిలోకి తీసుకోలేదు. ఏడాది తిరిగాక, స్పీకర్లు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో అవకాశం దొరికింది. యజమాని ఇక్కడే పుట్టిపెరిగిన, అరవై దాటిన కివీ పెద్దాయన. పేరు పెట్టి పిలవమనేవారు, నాకు నోరు వచ్చేది కాదు, ఎలాగో పేరు అవసరం పడకుండా మాట్లాడి నెట్టుకొచ్చేదాన్ని. పెట్టెలో ఒక పెద్ద స్పీకరూ ఒక చిన్న స్పీకరూ బిగించి, ఏ శబ్దం దేనికి వెళ్లాలో పంచే సర్క్యూట్‌ను ఆయన ముప్పై ఏళ్లుగా చెవితోనే కుదిర్చేవారు. తనకిష్టమైన ఒక గాయని రికార్డు పెట్టుకుని వినడం, ఒక కాయిల్ మార్చడం, మళ్లీ వినడం, అలా వారాలు గడిచేవి. ఆ పని కంప్యూటర్‌తో త్వరగా తెమల్చడానికి నన్ను తీసుకున్నారు.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఒక కంప్యూటర్‌లో టైపు చేసిన తెలుగు ఇంకోదాంట్లో తెరిస్తే అక్షరాలు పోయి గళ్లు గళ్లుగా కనిపించేవి. మా సాఫ్ట్‌వేర్లూ అంతే. అదే ఈల లాంటి చప్పుడు స్పీకర్‌లోంచి వదిలి మైకుతో కొలిచేది ఒకటి, సర్క్యూట్ లెక్క కట్టేది ఇంకొకటి, ఒకదాని మాట ఒకదానికి తెలియదు. కొలిచినదాన్ని టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పై లైన్లు చెరిపి, కామాలు తీసేసి, మూడు వరసల అంకెలు మాత్రం మిగిల్చి రెండోదానికి అందించేదాన్ని. ఆ వర్క్‌షాపులో అది తెలిసింది నాకొక్కదానికే అని లోలోపల ఎంత గర్వమో.

నా లెక్కతో తయారైన మొదటి జత వచ్చిన రోజు పెద్దాయన తన కుర్చీలో కూర్చుని ఆ రికార్డు రెండుసార్లు విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "పాడే మనిషి ఒక అడుగు వెనక్కి జరిగింది. నీ ఫైళ్లు ఒకసారి మళ్లీ చూస్తావా?" అని అడిగారు.

పూర్తయిన స్పీకర్ ముందు మైకు పెట్టి కొలిస్తే అరగంట పని. అది చేయకుండా, లెక్క ప్రకారం శబ్దం ఎలా రావాలో గీత గీసి చూపే కంప్యూటర్ తెరను ఆయన వైపు తిప్పాను. "గీత తిన్నగానే ఉందండీ. వయసుతో పాటు చెవి కొంచెం తగ్గడం మామూలే కదా" అన్నాను. చాలా మర్యాదగా అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కావచ్చు అన్నారు.

ఆ తర్వాత చెవులకు పరీక్ష చేయించుకున్నారు. వయసుకు తగ్గట్టే ఉన్నాయని వాళ్లంటే, దాన్ని ఆయన నా మాటకు రుజువుగా తీసుకున్నారు. ఇకనుంచి వినే పని కూడా నీదేనని ఆ కుర్చీ నాకు ఇచ్చేశారు.

కొన్ని నెలలకు ఇంకో మోడల్ కోసం కొలతలు తీస్తుంటే, ఎక్స్‌పోర్ట్ చేసేచోట ముందే టిక్కు పెట్టి ఉన్న ఒక గడి నా కంటపడింది. పెద్ద స్పీకరు శబ్దం చిన్నదానికంటే వెంట్రుకవాసి ఆలస్యంగా చెవికి చేరుతుంది, ఆ ఆలస్యం కూడా ఫైల్లో వెళ్లాలి. టిక్కు ఉంటే ఆలస్యాన్ని తీసేసి, రెండూ ఒకే క్షణంలో మొదలైనట్టు రాసేస్తుంది. నేను దాన్ని తీయనేలేదు. పాత జతను తెచ్చి కొలిస్తే, మనిషి గొంతు పలికేచోట గీత గుంటలా దిగిపోయి ఉంది. సరిగ్గా ఆయన చెప్పినచోటే.

సర్క్యూట్‌ను దిద్దాను. పాత భాగం దొరకడం లేదు, వేరేది వేశానని చెప్పాను. ఆయన కొత్తదాన్ని విననేలేదు.

మా వారి కాంట్రాక్టు అప్పుడే అయిపోయింది, మా రెసిడెన్సీ కాగితాలు నా ఉద్యోగం మీదే నడుస్తున్నాయి, అందుకే చెప్పలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధమేమీ కాదు, కానీ అసలు సంగతి, ఒప్పుకుంటే మళ్లీ అనుభవం లేని మనిషినైపోతానన్న భయం. ఒకరోజు టీ తాగుతూ ధైర్యం చేసి మొదలుపెట్టబోతే ఆయనే అందుకుని, "ఆరోజు నువ్వు మొహమాటపడకుండా చెప్పడం మంచిదైంది. లేకపోతే ఈ చెవులతో ఇంకా ఎందరికి చెడ్డ స్పీకర్లు అంటగట్టేవాణ్ణో" అన్నారు. నేను ఖాళీ కప్పులు తీసుకుని కడగడానికి వెళ్లిపోయాను.

మరుసటి ఏడాది వర్క్‌షాపు వేరేవాళ్లకు అప్పగించి, దంపతులిద్దరూ తమ సొంత ఊరు ఇన్వర్‌కార్గిల్ వెళ్లిపోయారు. మాకు కాగితాలు వచ్చాక కూడా, వచ్చే క్రిస్మస్ కార్డులో రాద్దాం, ఒకసారి వెళ్లి ముఖాముఖి చెబుదాం అనుకుంటూ ఏళ్లు దాటించాను. చివరికి ఆయన పోయారని వాళ్లావిడ రాసిన ఉత్తరం వచ్చింది. ఊరు మారేటప్పుడే రికార్డులన్నీ పంచిపెట్టేశారట, సరిగ్గా వినపడనివాడికి ఎందుకన్నారట. నేను జరిగిందంతా దాచకుండా ఆవిడకు రాశాను. జవాబు రాలేదు. రాకపోవడం న్యాయమే.

ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి వాటంతటవే మాట్లాడుకుంటాయట, అంకెల వరసలు ఎవరూ చేత్తో దిద్దనక్కర్లేదట, నాలాంటి తప్పు ఈ రోజుల్లో జరగడం కష్టమేనట. మంచిదే. కానీ తెర మీద గీత తిన్నగా ఉన్నా సరే, నా చెవికి ఏదో తేడాగా ఉంది, ఒకసారి మళ్లీ చూడమని మెల్లగా అడిగే పెద్దవాళ్లు కూడా ఇప్పుడు ఎక్కడా కనిపించడం లేదు. నాకు దొరికిన అలాంటి ఒక్క మనిషికీ తన మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టింది నేనే.