నీలా పట్టుకెళ్ళిన సంచి

మా సంతలో నీలాది ఉల్లిపాయల బల్ల, పక్కనే నాది ఎండుచేపల బల్ల. పిల్లి అడ్డమొస్తే సిలువ గుర్తు వేసుకునే మనిషి నీలా. తూకాలు చూసే ఇన్‌స్పెక్టరు వస్తే చాలు, తన తూకం సరిగ్గానే ఉన్నా చెమటలు పట్టి నా వెనక నక్కేది. అలాంటిది మనీలా వెళ్ళి, సెనేటర్లూ ప్రతినిధులూ కూర్చునే కమిషన్ ముందు, కాబోయే వాణిజ్య మంత్రికి ఎదురుగా సాక్ష్యం చెప్పిందంటే మా ఊళ్ళో సగం మంది ఈ రోజుకీ నమ్మరు. నేను పక్కనే ఉన్నాను గనక నాకు నమ్మక తప్పదు.

ఆ కాబోయే మంత్రి క్రిసాంతో వెర్దెహో మా ఊరివాడే. ఉల్లి నిల్వచేసే శీతల గిడ్డంగి ఆయనది. మేయరు ఆయన తమ్ముడు. నీలా కూతురు జోవెలిన్‌కు జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డదీ ఆయనే. బిడ్డ పుట్టగానే ఊళ్ళో పెద్దతలకాయ ఎవరా అని వెతికి జ్ఞానతండ్రిని చేసుకోవడం మా జబ్బు. అప్పటినుంచీ ఆయనా, ఆయన భార్యా బిడ్డ తల్లిని ‘మారే’ అని పిలుస్తారు, తల్లి కూడా ఆయన భార్యను అలాగే పిలుస్తుంది. ఈ వరసను రక్తసంబంధం కన్నా ఎక్కువగా చూస్తారు. జోవెలిన్ నర్సు చదువుకు ఫీజు ఆయనే కడుతున్నాడు. అడిగితే కాదనడు. కాదంటే మాత్రం ఊరుకోడు.

నీలా మొగుడు అన్సెల్మో ఆ గిడ్డంగిలో మూటలు మోసేవాడు. ఉల్లి ధర ఆకాశాన్నంటిన ఏడు, కూలీలు దొంగిలిస్తారని పని జరిగేటప్పుడు తలుపుకు బయట తాళం వేయించాడు క్రిసాంతో. ఒక మధ్యాహ్నం లోపల చల్లదనానికి వాడే గ్యాసు గొట్టం పగిలింది. నీలా అప్పుడే మొగుడికి అన్నం పట్టుకెళ్ళింది. లోపల్నుంచి తలుపు బాదుతున్నారు. తాళంచెవి అయ్యగారి దగ్గరుందనీ, అయ్యగారు చుట్టాలతో భోజనం చేస్తున్నారనీ కాపలావాడు ఏడుపు మొహం పెట్టాడు. తాళంచెవి తెచ్చేసరికి బాదడం ఆగిపోయింది. కాగితాల్లో గొట్టం పగిలిందని రాశారు గానీ తాళం ఊసు లేదు. కాపలావాడు ఊరొదిలి పోయాడు. క్రిసాంతో శవపేటిక కొనిచ్చాడు, బియ్యం బస్తా దింపించాడు, జోవెలిన్‌ను దగ్గరకు తీసుకుని ఏడ్చాడు కూడా. దొంగ ఏడుపేం కాదు, నేను చూశాను. అందుకే మరీ మండుతుంది నాకు. తాళం సంగతి నీలా నాకొక్కదానికే చెప్పింది, అదీ చెవిలో.

ఆయన్ని అధ్యక్షుడు వాణిజ్య మంత్రిగా ఎంచాడని సంతలో రేడియో చెప్పినరోజు టపాకాయలు కాల్చారు. నీలా ఉల్లి పొట్టు తీస్తూ ఆగిపోయింది.

“అక్కా, ఇక దేశంలో గిడ్డంగులన్నీ ఈయన కిందికే వస్తాయా?”

“వస్తాయేమో. మంత్రి కదే మరి.”

“మరి తాళాలు?”

నేను ఈగలు తోలే గుడ్డ తీసుకుని చేపల వైపు తిరిగాను.

అధ్యక్షుడు ఎంచినంత మాత్రాన అయిపోదు, కమిషన్ ఔననాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ప్రమాణం చేసి అక్కడ చెప్పుకోవచ్చు. ఈ సంగతి చర్చి దగ్గర కూలీల తరఫు వకీలమ్మ చెప్పిందట. నీలా ఎవరికీ చెప్పకుండా వెళ్ళి సంతకం పెట్టొచ్చింది. పెట్టి వచ్చాక జ్వరం తెచ్చుకుంది.

“నీళ్ళలో ఉండి మొసలితో పగేంటే నీకు? పిల్ల చదువేం గాను?” అని నేను తిట్టాను.

“నాకు మాత్రం భయం లేదా అక్కా? పొయ్యి మీద ఎసరు చూసినా భయమేస్తోంది. నువ్వు తోడు రా.”

బస్సులో దారి పొడుగునా ఒళ్ళో ఒక గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. ఏముందే అందులో అంటే, ఏం లేదక్కా అంది. కమిషన్ హాలు బయట వరండాలో క్రిసాంతో భార్య ఎదురుపడింది. ముత్యాల దండ వేసుకుని, పట్నం సెంటు ఘుమఘుమలాడుతూ వచ్చి నీలాను కావలించుకుంది.

“మారే! ఎంత చిక్కిపోయావే! పిల్ల బాగుందా? బాగా చదువుతోందా?”

చదువు అన్న మాట కాస్త ఒత్తి పలికింది. నీలా చేతులు వాటంతటవే సంచి తీసి ఇచ్చేశాయి. జిగురుబియ్యం అరిటాకులో చుట్టి ఉడికించిన సుమాన్ ముద్దలు, ఒక ఎర్ర ఉల్లిపాయల జడ. ఆవిడ నవ్వుతూ పుచ్చుకుని లోపలికి పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “మతి పోయిందా నీకు? మొగుడి మీద చెప్పడానికొచ్చి పెళ్ళానికి పిండివంటలు పంచుతావా?”

“ఖాళీ చేతులతో మారే ముందుకెలా పోతానక్కా? అలా పోతే తెగతెంపులు చేసుకున్నట్టే కదా. మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది.”

హాల్లో చలి. ఏసీ చలే, కానీ నీలా ఆ గోడల వంక, మూసిన తలుపు వంక చూస్తూ వణికిపోయింది. ముందు వరసలో పెద్దలు ఒకరినొకరు మెచ్చుకుంటూ జోకులేసుకుంటున్నారు. ఇంత అందగాడు మంత్రయితే ఎగుమతులు వాటంతటవే పెరుగుతాయని ఒకాయన అన్నాడు. క్రిసాంతో సిగ్గుపడినట్టు తల వంచుకున్నాడు. ఆ తరవాత నీలా పేరు పిలిచారు.

నీలా వెళ్ళి మైకు ముందు నిలబడింది. క్రిసాంతో స్నేహితుడొక బట్టతల సభ్యుడు చాలా మెత్తగా మొదలెట్టాడు.

“భయపడకమ్మా. ఒక్కటే అడుగుతా. పొద్దున వీళ్ళకు ఏమైనా తెచ్చిచ్చావా?”

“తెచ్చానండి.”

“ఏంటి?”

“సుమాన్ అండి. ఉల్లిపాయలు.”

హాలంతా గొల్లుమంది. ఆవిడ నవ్వుతూ సంచి ఎందుకు పుచ్చుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

“మొగుణ్ణి చంపాడంటావు, ఆయనకే పిండివంటలు తెస్తావు. నీకు ద్రోహం చేసినవాడికి ఎవరైనా కానుకలు తెస్తారా అమ్మా?”

నీలా నా వైపు చూసింది. నేనేం చేస్తాను, కళ్ళు దించుకున్నాను. అయిపోయింది, ఇక ఇంటికి పోదాం అనుకున్నాను.

“ఆయనా తెచ్చాడండి,” అంది నీలా. “మా ఆయన పోయినరోజు బియ్యం బస్తా తెచ్చాడు. తీసుకున్నాను. వండుకు తిన్నాం. ఆ తిండి తిన్నాననే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. తలుపుకు బయట తాళం ఉందండి.”

నవ్వులు ఆగాయి. చివరి కుర్చీలో ఒక ముసలి సెనేటరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

“నువ్వు చూశావా?”

“చూశానండి. అన్నం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లోపల్నుంచి మా ఆయన తలుపు బాదుతున్నాడు.”

“బాదింది మీ ఆయనేనని ఎలా తెలుసు?”

“రోజూ మా ఇంటి తలుపు కొట్టేవాడే కదండీ. ఆయన కొడితే నాకు తెలీదా?”

క్రిసాంతో అక్కణ్ణుంచే, “మారే, దుఃఖంలో ఉన్నావు, నాకు తెలుసు” అన్నాడు ప్రేమగా.

కమిషన్‌లో ఒక్కరు ఆపమన్నా ఆపే పద్ధతి ఉంది. సెనేటరమ్మ ఆపమంది. ఆ వారంతో సమావేశాలు ముగిసిపోయాయి. ఔననలేదు, కాదనలేదు, అలా వదిలేశారు. గెలిచామా అని నీలా అడిగింది. అధ్యక్షుడు మళ్ళీ ఎంచొచ్చు, మళ్ళీ పిలుస్తారు అని వకీలమ్మ చెప్పేసరికి అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

ఊరికొచ్చాక మేయరు మనుషులు సంత పైకప్పు మరమ్మతన్నారు. విచిత్రం, చిల్లు నీలా బల్ల మీదే పడిందట, బల్ల తీసేయమన్నారు. జోవెలిన్ ఫీజు ఆగింది. ఎవరి జీపో రోజూ వాళ్ళ గుమ్మం ముందు ఆగి, ఎవరూ దిగకుండానే వెళ్ళిపోయేది. నీలా నా బల్ల మీదే ఒక మూల గంప పెట్టుకుని అమ్మింది. చేపల కంపు ఉల్లికి పడుతోందని నేను గొణుగుతూనే ఉన్నాను.

తరవాత రేడియోలో మళ్ళీ క్రిసాంతో పేరు చెప్పారు. మళ్ళీ పిలుపొచ్చింది.

తెల్లారి బస్సు దగ్గర నేను ముందే నిలబడ్డాను. నీలా కూతురితో వచ్చింది. అలవాటుగా సంచి కోసం చూశాను. ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని ఉంది.

“సంచి ఏదే?” అన్నాను.

“ఈసారి ఏం లేదక్కా,” అంది. ఆ మాట అనేసరికి దాని పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అయినా నాకంటే ముందు బస్సెక్కింది.