లంగరు బొమ్మ పావు డాలరు

మా నాయన అంగడిలో చెల్లని నాణేలకు ఒకటే శిక్ష. గల్లాపెట్టె మూతకు మేకు వేసి కొట్టేవాడు, అంటగట్టినవాళ్ళు చూసి సిగ్గుపడాలని. సిగ్గుపడినవాణ్ణి నేనైతే చూడలేదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నుంచి మారిషస్ చెరకుతోటలకూ, పేరు తెలియని ఇంకేవో దీవులకూ కూలికి పోయి తిరిగొచ్చినవాళ్ళు అక్కడి వెండి నాణేలను మన పావలాల మధ్య కలిపి ఇచ్చేవారు. ఆయన పోయాక ఆ మూత మీదివన్నీ ఊడదీశాను. నా సేకరణ అలా మొదలైంది. అందుకే అందులో సగం నాణేలకు రాణిగారి చెంపన బొక్క ఉంటుంది.

విరుదునగర్‌లో ఇదే పిచ్చి ఉన్నవాడు ఇంకొకడున్నాడు, మిరపకాయల దలాలి. నా పెట్టె తెరిచినప్పుడల్లా, "ఇవి కాసులా, జల్లెడా?" అనేవాడు. మారిషస్ పాత నాణేల్లో లంగరు బొమ్మవి కొన్ని ఉన్నాయి. వాటిలో పావు డాలరు మా ఇద్దరి దగ్గరా లేదు. ముందు ఎవరికి దొరికితే రెండోవాడు జన్మంతా నోరు మూసుకోవలసిందే.

"నీకు దొరికినా లాభం లేదప్పా. బేరమాడే అరగదీస్తావు," అన్నాడు దలాలి.

ఒక సంత రోజున నాగలాపురం నుంచి ఒక అవ్వ అంగడికొచ్చి కొంగుముడి విప్పింది. కిరీటం, దాని కింద లంగరు. మా ఇద్దరికీ దొరకని పావు డాలరు అదే. నా ముఖం మాత్రం పుచ్చు వంకాయను చూసినట్టే పెట్టాను. అంగళ్ళ మధ్య పెరిగినవాడికి ఆ మాత్రం చదువు ఉంటుంది.

"ఏందవ్వా ఇది, సీసమా?"

"వెండి నాయనా. మా ఇంటాయన మోరీసు నుంచి తెచ్చె. రెండు రూబాయిలు ఇయ్యి."

పది అడిగినా ఇచ్చేవాణ్ణి. "ఒకటి," అన్నాను.

"సరి, ఇయ్యి."

అక్కడ చెడింది. సగానికి సగం కోస్తే తిట్టనివాళ్ళను మా బజారులో నమ్మరు. "నీ మొగానికి వెండి కావలసెనా" అని ఒక్క మాట అనుంటే అక్కడికక్కడే కొనేసేవాణ్ణి. నాణేన్ని రాతి మీద వేసి చూశాను. ఖంగుమంది. ఆ ఖంగుమనడం మీద కూడా అనుమానమే వచ్చింది.

"ముప్పావు."

"సరి."

ఇక సందేహమే లేదు, దొంగ సరుకు. నాణెం ఆమె చేతిలో పెట్టి, "వేండాం అవ్వా," అన్నాను. మా బజారులో వద్దు అన్నది కూడా ఒక ధరే. అమ్మేవాళ్ళు మెట్టు దిగి, గొణుక్కుంటూ మళ్ళీ ఎక్కాలి. ఆమె దిగింది. కొంగు ముడి వేసుకుంది. పోయింది.

వెంటపడితే రెట్టింపు పెట్టాలి. అందుకని సంత సద్దుమణిగేదాకా మర్యాదగా కూర్చుని, బెల్లం తూస్తూ వీధి వైపే చూశాను. ఆ పూట ఎంతమందికి ఎక్కువ తూచానో దేవుడికి తెలియాలి.

మర్నాడు బండి కట్టించుకుని నాగలాపురం పోయాను, ఆమె అడిగిన రెండూ ఇచ్చేద్దామని. అవ్వ అరుగు మీద కందులు చెరుగుతోంది.

"ఆ కాసా? వేండామంటివి గదా నాయనా. అట్లే కంసాలి దగ్గరికి పోతిని. కోడలి కాళ్ళు బోసిగా ఉండె."

కోడలు నీళ్ళకుండ చంకన పెట్టుకునే వచ్చి, నవ్వుతూ కాలు ముందుకు చాచింది. కొత్త మెట్టెలు. బాగా నునుపు తేల్చాడు కంసాలి. కిరీటం లేదు, లంగరు లేదు.

"ఒకటంటివి, సరి అంటిని. ముప్పావంటివి, దానికీ సరి అంటిని," అంది అవ్వ చేట దించి. "ఇంకేమి అనాల్సింది నేను?"

ఉత్త చేతులతో పోలేక కందులు కొన్నాను. ఆమె చెప్పిన ధరకే.

ఈ సంగతి విరుదునగర్ చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. దలాలి పనిగట్టుకుని రైలెక్కి వచ్చాడు. గుండె రాయి చేసుకుని అంతా చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకుంటే, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని అవ్వ దిగిపోయిన మెట్ల వైపు చూశాడు.

"రెండేనా అడిగింది?"

"రెండే."

"నేనూ ఒకటే అనుందునప్పా," అన్నాడు.