బొగ్గుకడ్డీ మీది జిగురు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. చిన్న మాటే. దించుకునే చోటు దొరకలేదు. మీరు నన్నెరుగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు ఈనాటికీ చెప్పలేదు.

ఎనభైల చివర్లో కరీంనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ. విమలక్క అక్కడ లెక్చరర్. నేను ఆమె కింద ల్యాబు చూసుకునేదాన్ని. ఆమెది మంథని. వాళ్ల వరిమడిలోంచి నల్లటి బురద తెచ్చి గాజుజాడీలో నింపింది. పాత టార్చి సెల్లులు పగలగొట్టి రెండు బొగ్గుకడ్డీలు తీసి, ఒకటి బురద అడుగున గుచ్చింది, ఒకటి పైనున్న నీళ్లలో వేలాడదీసింది. గాలి తగలని బురదలో కంటికి కనబడని జీవులుంటాయనీ, అవి తిని బతుకుతూ కరెంటు వదులుతాయనీ, అడుగు కడ్డీ దాన్ని పట్టుకుంటుందనీ చెప్పేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. కొన్ని వారాలకు, కడ్డీలకు తీగలతో తగిలించిన మీటరు ముల్లు నెమ్మదిగా లేచింది. నేను కళ్లారా చూశాను. గదిలో మేమిద్దరమే. ఆమె నా చేయి పట్టుకుని ఏడ్చేసింది.

ముల్లు లేవడం చూపిస్తే పరిశోధనకు సీటిస్తానని యూనివర్సిటీ పెద్దాయన ఒకరు అన్నారు. దసరా సెలవుల ముందు కాలేజీలో ఆయుధపూజ జరిగే రోజే వస్తానన్నారు. ఆమె ఎదురెళ్లి తీసుకురావడానికి బస్టాండుకు పోయింది.

పూజంటే సామానంతా కడగాలి. త్రాసులు, గాజుసామాను, అన్నీ శుభ్రం చేసి పసుపు కుంకుమ పెడుతూ జాడీ దగ్గరికొచ్చాను. ఒకటే కంపు. బురద కదపొద్దని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో! కదపలేదు. అడుగు కడ్డీ మాత్రం పైకి లాగాను. దాని నిండా జిగురు. ఛీ, దేవుడి ముందు ఇదేంటనుకుని బ్లీచింగ్ పౌడరేసి, కొబ్బరిపీచుతో బరబరా తోమి, మళ్లీ గుచ్చి, జాడీకి బొట్టు పెట్టాను. ఆ జిగురే ఆ జీవులు. వారాల తరబడి కడ్డీని అంటిపెట్టుకుని కాపురం చేసింది అవే. నాకు తెలియదా? తెలియదనే చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కదపొద్దన్న మాట మాత్రం తెలుసు కదా.

ఆమె పెద్దాయన్ని తీసుకొచ్చి మీటరు తగిలించింది. ముల్లు లేవలేదు. ఆమె తీగలు విప్పి మళ్లీ బిగించింది. 

పెద్దాయన జాడీ మీది బొట్టు చూసి నవ్వారు. "ఏమమ్మా, మట్టికి బొట్టు పెడితే కరెంటొస్తదా?"

"నిన్నటిదాక వచ్చింది సార్. గీ పిల్ల సుత చూసింది." ఆమె నా వైపు తిరిగింది. "జర చెప్పవే. ముల్లు లేసింది గదా?"

చూశానంటే, మరి ఇవాళేమైందని అడుగుతారు. నా చేతులు ఇంకా బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి.

"నేను చూడలే అక్కా."

ఆమె తిట్టలేదు. మీటరు తీసి బీరువాలో పెట్టింది.

సీటు పోయింది. లేనిది ఉన్నట్టు చెప్పిందని పేరొచ్చింది. ఆ ఏడే ఖానాపూర్‌లో ఒక బళ్లో టీచరుగా చేరింది. ఎందుకన్నాను ఆ మాట? భయమా? ఆమె సీటు తీసుకుని వెళ్లిపోతే నేనొక్కదాన్నే ఆ సీసాలు కడుగుతూ ఉండిపోతానని, ఎక్కడో లోపల కుళ్లు కూడా ఉందా? ఎంత తవ్వినా తేలదు. "గా ముల్లు లేసుడు నా భ్రమేనేమో" అని ఆమె ఎవరితోనో అన్నదట. అది విన్నరోజు అన్నం ముట్టలేకపోయాను. సీటుతోపాటు ఆమె కళ్ల మీద ఆమెకున్న నమ్మకం కూడా తీసేశాను.

ఒకసారి ఖానాపూర్ దాకా పోయాను. బడి గేటు ముందు నిలబడ్డాను. లోపల ఆమె గొంతు వినిపించింది, పిల్లలకేదో పాఠం చెబుతోంది. లోపలికి అడుగు పెట్టలేదు. వచ్చిన బస్సుకే తిరిగొచ్చాను. మళ్లీ పోగలనా? పోలేను. నా సంగతి నాకు తెలుసు. అందుకే అక్కడ అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను, కనీసం ఒక్కరైనా విన్నట్టవుతుంది.

చూశాను అక్కా. ముల్లు లేచింది.