బావ చెవులు, ఫియట్ పిస్టన్లు

మా సిద్ధిరాములు బావకు మనుషుల మాట వినపడదు, యంత్రాల చప్పుడు మాత్రం వీధి అవతల నుంచి కూడా వినపడుతుంది. ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య బతికిన మనిషికి చెవుడు రావడం మరమగ్గాల ఊరైన భివండీలో వింతేమీ కాదు. వింతల్లా ఆ చెవుడు మనుషుల వరకే వచ్చి ఆగిపోవడం. మా అక్క రామవ్వ పక్కనే నిలబడి నాలుగుసార్లు అన్నానికి పిలిచినా పలకడు. తన ఇరవై నాలుగు మగ్గాలు ధడధడలాడే షెడ్డులో, మూడో వరుసలో ఒక్క నట్టు వదులైతే మాత్రం, బయట అరుగు మీద చాయ్ తాగుతున్నవాడల్లా కప్పు పక్కన పెట్టి చూపుడువేలు పైకెత్తుతాడు.

"ఆగు, ఇను."

"ఏం ఇనాలె బావా?"

"ఏడుస్తున్నది."

"ఎవరు?"

"నట్టు."

వెళ్లి చూస్తే అది నిజంగానే వదులై ఉండేది. నాకు ఒళ్లు మండేది. రోజంతా షెడ్డులో తిరిగే నాకు వినపడనిది, అరుగు మీద కూర్చున్న ఆయనకెలా వినపడుతుందని.

ఆ వేలు లేచిందంటే ఎంతటివాళ్లైనా నోరు మూసుకోవలసిందే. నా పెళ్లిచూపుల నాడు సోనాలి టీ పళ్లెం పట్టుకుని గదిలోకి వచ్చింది. నేను సిగ్గుపడుతూ తల ఎత్తబోయే సమయానికి బావ వేలు లేచింది. అందరం పైకి చూశాం. సీలింగ్ ఫ్యాను. బావ స్టూలు అడిగి ఎక్కాడు. అందరూ జేబులో పెన్ను పెట్టుకున్నట్టు ఆయన ఎప్పుడూ ఒక పొడుగాటి పేచ్‌కస్ పెట్టుకుని తిరుగుతాడు. దానితో రెండు స్క్రూలు బిగించి దిగేసరికి మా కాబోయే మామ కళ్లు తుడుచుకున్నంత పని చేశాడు.

"ఆరేండ్ల సంది కిర్రు కిర్రు అంటున్నది. ఒక్కడన్న బాగు జేయలే," అన్నాడు.

సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. "నిన్ను జూసి ఇయ్యలే నన్ను, ఫ్యాన్‌ను జూసి ఇచ్చిండ్రు," అని సోనాలి నన్ను ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మరోసారి ఇద్దరం షేర్ జీపులో థానేకు బయలుదేరాం. జీపు కదిలిన మరుక్షణం బావకు వెనక చక్రం ఏడుపు వినపడింది, ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు.

"భాయ్, పీఛే కా చక్కా రో రహా హై."

"చాచా, చుప్ బైఠో," అన్నాడు డ్రైవరు.

కాశేలి చేరకముందే వెనక చక్రం మొరాయించింది. ఎండలో నిలబడి జనం డ్రైవరును తిడుతుంటే, ఆ గుంపులో సంతోషంగా ఉన్న మనిషి మా బావ ఒక్కడే.

ఇట్లాంటి మనిషి 1999లో కారు కొన్నాడు. కాల్హేర్‌లో గోడౌన్ ఉన్న ఒక వ్యాపారి దగ్గర పాత ఫియట్. అది పోయే దారంతా పొగ వదిలేది. ఇంజను విప్పాలి, అరిగిన సిలిండర్లను బోర్ చేయించాలి, కొత్త పిస్టన్లు వేయాలి. థానేలో పెద్ద మెకానిక్‌కు ఇవ్వమని అందరం చెప్పాం. బావకు వినపడలేదు. బండిని దత్తాత్రికి ఇచ్చాడు.

దత్తాత్రి పదేళ్లు మా మగ్గాలకు మరమ్మతులు చేసినవాడు. సెలవు రోజుల్లో ఎవరి దగ్గరో కారు పని నేర్చుకున్నాడు. ధామన్కర్ నాకా కూడలి దాటాక ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, గ్యారేజీ అని బోర్డు పెట్టి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో వచ్చినవి రెండు స్కూటర్లు, అవి కూడా పంక్చర్లకే. ఖాళీగా ఉన్న గ్యారేజీ ముందు ఎవడు మాత్రం బండి ఆపుతాడు? అతని భార్య జమున మా అక్క దగ్గర బాధపడింది.

"దీపావళి దాంక జూస్త వదినా. అప్పటికి గాడీలు రాకుంటె మళ్ల మగ్గాల పనికే పొమ్మంట. పన్నెండు గంటల డూటీ ఆయనకు వశమైతలేదు గని, ఏం జేస్తం?"

దత్తాత్రి చేతికి వచ్చిన మొదటి ఇంజను మా బావదే. అది బాగుంటే గ్యారేజీ నిలుస్తుంది. లేకపోతే పుట్టకముందే మునుగుతుంది. ఇరవై రోజులు అన్నం, నిద్ర మరచి పనిచేసి, మొదటిసారి బావే స్టార్ట్ చేయాలని, ఒక ఉదయం బండిని తాడుతో లాగించుకుని మా గల్లీలోకి తెచ్చి, బావ చేతికి తాళం ఇచ్చాడు. అక్క కొబ్బరికాయ కొట్టింది. గల్లీ అంతా గుమికూడింది. బావ తాళం తిప్పాడు.

టక టక టక టక.

లోపల ఎవరో కూర్చుని స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతున్నట్టు ఉంది. దత్తాత్రి ముఖం పాలిపోయింది. బావ వేలు లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. ఒక్క గుర్రుమనే చప్పుడుకు మిక్సీని మూడుసార్లు దుకాణానికి తిప్పి పంపిన మనిషి ఈయన.

బావ పేచ్‌కస్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఒకచోట విన్నాడు. ఇంకోచోట విన్నాడు. అట్లా నాలుగు చోట్లా విని, లేచి గల్లీ వాళ్లందరి వైపు చూశాడు.

"కొత్త పిస్టన్లు. సల్లగున్నప్పుడు గట్లనే కొట్టుకుంటయి. గరమైతె సక్కగైతయి," అన్నాడు.

ఏడు నిమిషాలకు చప్పుడు నిజంగానే మాయమైంది. దత్తాత్రి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. మనుషుల మాట ఎప్పుడో పోయింది, ఇక యంత్రాల చప్పుడు కూడా పోయిందా ఈయనకు అని.

దిగులు మర్నాటి ఉదయం ఎనిమిదింటికి తీరిపోయింది.

"చప్పుడున్నది. దత్తాత్రికి సూపియ్యాలె. గాడీ నూకుండ్రి," అన్నాడు బావ.

"చాలు జేస్కోని నడుపుకుంట పోదాం గద బావా?"

"చాలు జేస్తె గరమైతది. గరమైతె చప్పుడు పోతది. ఇగ ఆడికి పోయి వానికి ఏం ఇనిపియ్యాలె?"

బావ దర్జాగా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. నేనూ, మగ్గాల మీద పనిచేసే నాగయ్యా, వీరయ్యా వెనక నుంచి తోశాం. ధామన్కర్ నాకాకు వచ్చేసరికి ఆటోవాళ్లు మూగారు.

"క్యా సేట్, గాడీ బంద్ పడీ?"

"బంద్ కాయ్‌కూ? ఏక్‌దమ్ చాలూ హై. ఆవాజ్ సునానే లే జా రహా హూ."

బాగా నడిచే కారును, దాని చప్పుడు వినిపించడానికని ముగ్గురితో తోయించుకుంటూ పోయే సేటును వాళ్లు అదే మొదటిసారి చూడటం. ట్రాఫిక్ పోలీసు అడ్డం వచ్చి గట్టిగా విజిల్ ఊదాడు. బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఆ విజిల్ల గోలీ అరిగింది, మార్సుకొమ్మను," అన్నాడు నాతో.

గ్యారేజీ ముందు బండి చాలు చేస్తే టక టక మొదలైంది. నాకా నుంచి మా వెంట వచ్చిన జనం చుట్టూ మూగారు. ఒకడు టాపెట్ అన్నాడు, ఒకడు బేరింగ్ అన్నాడు, ఒకడు పెట్రోలులో కల్తీ అన్నాడు. బావ వేలెత్తేసరికి అందరూ గప్‌చుప్. దత్తాత్రి బానెట్ కింద తల దూర్చి, చెమటలు కక్కుతూ, అదేమిటో తెలియక చేతికందిన నట్టునల్లా బిగించాడు. ఏడు నిమిషాలకు చప్పుడు ఆగిపోయింది.

"అరే, పోయింది!"

"ఏం జేసిండు?"

"చెయ్యి వెట్టిండు గంతే. పోయింది!"

బావ తృప్తిగా తల ఊపి, వచ్చినవాళ్లందరి ముందూ కారును పిల్లిలా నడుపుకుంటూ ఇంటికి వచ్చాడు. మర్నాడు ఉదయం బండి మళ్లీ చల్లబడింది. మళ్లీ తోశాం. ఆ మర్నాడూ తోశాం. ఇది నిన్నటిది కాదు, వేరే చప్పుడని మూగినవాళ్లకు బావ రోజూ చెప్పేవాడు. రెండు వారాలకు నా పాంటు నడుము దగ్గర జారడం మొదలైంది. "గాడీ కొన్నంక సన్నవడ్డవ్," అని సోనాలి బెల్టుకు కొత్త రంధ్రం పొడిచి ఇచ్చింది.

నాకు నా నడుము కంటే దత్తాత్రి మీదే జాలి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పాపం, వాణ్ని రోజూ పదిమందిల నిలవెడుతున్నవ్. నీకిది మంచిగున్నదా బావా?"

"ఏందీ?" అన్నాడు బావ. ఆయనతో వాదించడం నా తరం కాదు, ఎవరి తరమూ కాదు.

ఇంతలో ఒక ఆటోవాడు తన బండి తెచ్చాడు. "ఉస్ ఫియట్ జైసా మేరా భీ కర్ దో," అన్నాడు, ఆ ఫియట్‌లాగే తన బండినీ బాగుచేయమని. తర్వాత కాల్హేర్ గోడౌన్ల నుంచి ఒక టెంపో వచ్చింది. ఆ టెంపోవాడు ఇంకో ఇద్దరిని పంపాడు. దత్తాత్రి నిజానికి మంచి పనివాడు. మా ఫియట్ తప్ప అతను ముట్టుకున్న ఏ బండీ మళ్లీ అదే రోగంతో తిరిగి రాలేదు. బతుకమ్మ పండుగ నాటికి షెడ్డు ముందు నిలబడటానికి జాగా లేదు. మేము ఫియట్‌ను తోసుకుంటూ వెళ్తే, "సేటూ, ఇయాల ఖాళీ లేదు," అన్నాడు దత్తాత్రి. ఆ మాట వినగానే బావ ముఖం వెలిగిపోయింది. ఆ రోజుతో తోయించడం మానేశాడు. నేను నా నడుము పుణ్యమనుకున్నాను. ఇక మగ్గాల మాట ఎత్తనని జమున అక్కతో చెప్పి, నవ్వుకుంటూ వెళ్లింది.

దీపావళికి ముందు వచ్చిన శుక్రవారం. శుక్రవారం మగ్గాలకు సెలవు. గోడ గడియారం ముల్లు కదిలినా వినపడేంత నిశ్శబ్దం. దత్తాత్రి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సేటూ, నాతోటి తప్పైంది."

"ఏందీ?" అన్నాడు బావ.

"పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తుంటది. అది ఇంజను ముందటి దిక్కు, ఫ్యాను దిక్కుకుండాలె. నిన్న వేరేటోళ్ల ఇంజను ఇప్పినంక తెలిసింది. నీ గాడీల నాలుగూ ఉల్టా ఏసిన. అందుకే ఆ చప్పుడు."

మగ్గాల పని తెలిసినవాళ్లకు ఇది ఎలా జరిగిందో వెంటనే అర్థమవుతుంది. మా దగ్గర మరమ్మతు చేసేవాడు ఏ భాగాన్ని విప్పినా సుద్దతో గుర్తు పెడతాడు. తిరిగి బిగించేటప్పుడు ఆ గుర్తు తను నిలబడ్డ వైపుకే ఉండాలి, కంటికి కనపడాలి. పదేళ్ల అలవాటు అది. ఇంజనును బల్ల మీద పెట్టి, దత్తాత్రి దాని వెనక వైపు నిలబడ్డాడు. బాణాలన్నీ బుద్ధిగా తన వైపుకు తిప్పుకున్నాడు.

"నా చెయ్యి దాన్ని మగ్గమే అనుకున్నది సేటూ," అన్నాడు.

"ఏందిరా? మగ్గాల చప్పుడుల ఏం ఇనస్తలేదు," అన్నాడు బావ.

దత్తాత్రి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి షెడ్డు వైపు చూశాను. షెడ్డుకు తాళం వేసి ఉంది.

వంటింట్లో అక్క తనలో తాను గొణుక్కుంది. "సేమియా ఇద్దరికే అయితదో, ఏమో."

"ముగ్గురికి పెట్టు. దత్తాత్రికి ఇంత ఎక్కువెయ్యి," అన్నాడు బావ.

దత్తాత్రి అప్పుడు కూర్చున్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత గిన్నె పక్కన పెట్టి, "సేటూ, గాడీ జర సర్వీసు జేస్త. ఇస్తవా?" అన్నాడు.

"తీస్కపో. ఇయాల బంద్ గద, షట్టర్ దించుకోని జేస్కో. బాణాలు జర సక్కగ సూస్కో," అన్నాడు బావ.

దత్తాత్రికి నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఏది ముందు తుడుచుకోవాలో తెలియక తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

నేను బావను నిలదీశాను. "నీకు ఎప్పటి సంది తెలుసు?"

"మొదటి రోజే. నాలుగింట్ల ఒక్కతీర్గనే కొడుతున్నయి. ఉల్టా గాకుంటె ఇంకేంది?"

"మరి వానికి జెప్పరాదా?"

"జెప్తె అప్పుడే ఇంజను మళ్ల ఇప్పుతడు. మొదటి ఇంజనే మళ్ల ఇప్పిండంటె నాకా మీద ఎవడన్న గాడీ ఇస్తడా వానికి? చప్పుడుతోటి ఇంజనుకు ఏం గాదు. జర దుకాణం నిలవడనియ్యి అనుకున్న."

చప్పుడు దానంతట అదే పోతుందని ఆయనకు తెలుసు. అది నలుగురి ముందు, దత్తాత్రి చేయి బానెట్ కింద ఉండగా పోవాలని రోజూ మమ్మల్ని తోయించాడు.

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే నాకప్పుడు వేరే సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట నేను పరధ్యానంలో రెండు మగ్గాలకు వేరే రంగు నూలు ఎక్కించాను. వారం రోజుల బట్ట పాడైంది. వెళ్లి బావకు చెప్పాను. "ఏందీ?" అన్నాడు. రెండోసారి చెప్పే ధైర్యం లేక తప్పించుకుని వచ్చాను. మర్నాడు బట్ట వ్యాపారి గొడవకు వస్తే, "నా కండ్లు మసకైనయి, రంగు సూస్కోలే," అని బావే చెప్పుకున్నాడు. ఆయన చెవుడు నన్ను కాపాడిందని మూడేళ్లుగా నేను సంబరపడుతున్నాను.

బావ అప్పటికే అటు తిరిగి ఫ్రిజ్జుకు చెవి ఆనించాడు. ఆయన వీపు వైపు చూస్తూ, నాకే వినపడనంత మెల్లగా, "ఆ రంగు నూలు నేనే ఎక్కించిన బావా," అన్నాను.

"ఏందీ?" అన్నాడు.

"ఏం లేదు," అన్నాను, ఇంకా మెల్లగా.

"సరే," అన్నాడు బావ.