ఆగమంటే ఆగని జెయింట్ వీల్

వేసవి సాయంత్రాల్లో కోల్‌కతా మీద ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివానని కాలబైశాఖి అంటారు. చెట్లు కూలుతాయి, రేకులు ఎగిరిపోతాయి. అలాంటి కాలబైశాఖికి ఎదురు నిలబడి, జనంతో తిరుగుతున్న జెయింట్ వీల్‌ని ఒట్టి గొంతుతో ఆపి, పాతికమంది ప్రాణాలు కాపాడిన మహానుభావుణ్ణి నేను. ఆ మహానుభావుడి వల్లే ఆ రోజు కొంప మునగబోయింది. అంచేత పై వాక్యాన్ని అప్పుడే నమ్మెయ్యకండి, పోనుపోను సవరించుకుందాం.

అప్పటికి లిలువా రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరై రెండేళ్ళయింది. ఒక ఆదివారం మా ఆవిడ పైడమ్మనీ, తొమ్మిదేళ్ళ మనవరాలు పింకీనీ ఊరి చివర ఉన్న చిన్న పార్కుకి తీసుకెళ్ళాను. వాళ్ళిద్దరూ జెయింట్ వీల్ ఎక్కారు. సంచికి కాపలా ఎవరో ఒకరు ఉండాలి కదా అని నేను కింద ఉండిపోయాను. నిజం చెప్పాలంటే, ముక్కాలిపీట ఎక్కినా నాకు కళ్ళు తిరుగుతాయి.

ఊరికే నిలబడటం నా జాతకంలో లేదు. వీల్ నడిపే శంభు పక్కన చేరాను. చిన్న రేకు గదిలో మీట ముందు కూర్చుని పాన్ నములుతున్నాడు.

"పిడుగు పడితే ఏం చేస్తావు దాదా?" అని బెంగాలీలో కదిపాను. అతను నన్ను కాకూ అని, అంటే బాబాయ్ అని, వరస కలిపాడు.

"పడితే ఈ ఇనుములోంచి దిగి, అదిగో, ఆ రాగి పట్టీ వెంట నేలలోకి పోతుంది కాకూ. అలాగని పడేదాకా కూర్చోం. ఉరుము వినబడితే చాలు, అందర్నీ దించేస్తాం. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవర్నీ ఎక్కించం."

"మరి గాలికి?"

గడ కొసన గిరగిరా తిరుగుతున్న మూడు గిన్నెల్ని చూపించాడు. "అవి గాలిని కొలుస్తాయి. ఇక్కడ ఎర్రదీపం వెలిగిందంటే దించడమే. అదీ వరసగా కాదు. ఈ పక్క ఒక తొట్టి ఖాళీ చేస్తే, ఎదురుపక్క ఇంకొకటి. లేకపోతే చక్రం ఒకవైపే తూగుతుంది."

"నాకా చెబుతున్నావు? రైల్వేలో ఇంజనీర్ని. నా చెయ్యి చూసే రైళ్ళు ఆగేవి" అన్నాను.

మీరు ఎవరితోనూ అనకండి. నేను స్టోర్సులో నట్లూ వాషర్లూ ఇచ్చే గుమాస్తాని. రాగి పట్టీ చుట్టలు కూడా నా చేతి మీదుగానే వెళ్ళేవి కాబట్టి, పిడుగులతో నాకున్నది ఆ చుట్టరికమే.

ఆ అబద్ధానికి శిక్ష పడటానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆకాశం మాడిన పెనంలా నల్లబడింది. గిన్నెలు పూనకం వచ్చినట్టు తిరిగాయి. ఎర్రదీపం వెలిగింది. ప్లాట్‌ఫారం మీద తొట్టి తలుపులు తీసే మనిషికి చేతినిండా పని. శంభుకి గదిలోంచి దుమ్ము తప్ప ఏమీ కనబడటం లేదు.

"కాకూ, మీరు ఇంజనీరు కదా, ప్లాట్‌ఫారం మీది ఆ తెల్లగీత దగ్గర నిలబడండి. తొట్టి గీత మీదికి రాగానే అరవండి, ఆపేస్తాను."

మొదటి తొట్టి వచ్చింది. "థామో" అన్నాను. బెంగాలీలో ఆగమని. ఆగింది. జనం దిగారు. ఎదురుపక్కది వచ్చింది. "థామో." ఆగింది. ఒక్కో సంసారం దిగుతుంటే నా ఛాతీ వీల్ అంత అవుతోంది.

అంతలో దూరంగా ఉరిమింది. ఇక పిడుగు రాకముందే అందరూ దిగాలి. సరిగ్గా అప్పుడే మా తొట్టి వచ్చింది. కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని పైడమ్మ. ఎవరెవరి పెళ్ళాలో దిగేటప్పుడు నోటికి బెంగాలీ వచ్చింది. నా పెళ్ళాం వచ్చేసరికి మా శ్రీకాకుళం వచ్చేసింది.

"ఆగెహె, ఆగెహె" అని అరిచాను.

వీల్ ఆగలేదు. పైడమ్మ నా ముక్కు ముందునుంచే గాల్లోకి లేచింది.

"ఏటయ్యా, మమ్మల్ని దించరేటి?" అన్న మాట పైకి పోతూ పోతూ సన్నబడిపోయింది. పింకీ మాత్రం నాకు టాటా చెప్పింది.

మధ్యలో వచ్చినవాళ్ళకి "థామో" అన్నాను, బుద్ధిగా ఆగింది. మళ్ళీ మా తొట్టి వచ్చింది. మళ్ళీ శ్రీకాకుళం వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా అరిచాను. వీల్ ఇంకా జోరుగా ముందుకి పోయింది.

"తాతా, ఆమ్రా నామ్‌బో నా, దిగమా? బామ్మ ఏడుస్తంది" అంది పింకీ పైనుంచి. ఆ అమ్మాయికీ కంగారులో సగం బెంగాలీ, సగం తెలుగు.

మూడో చుట్టుకి వీల్ గీత మీద ఆగింది. ఇద్దరూ దిగారు. టికెట్ల గది చూరు కిందికి చేరామో లేదో, వాన కుండపోతగా దిగింది. ఖాళీ వీల్ వెనకాల ఎక్కడో పిడుగు పడింది. అక్కడికే పరిగెత్తుకొచ్చిన శంభు మీద విరుచుకుపడ్డాను.

"ఆగమని మొత్తుకుంటుంటే తిప్పుతావేం?"

"మీరే కదా కాకూ, ఆగే హై, ఆగే హై అన్నారు. గీత ఇంకా ముందుందని హిందీలో చెబుతున్నారనుకుని ముందుకి పోనిచ్చాను."

ఆ రాగి పట్టీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తిరిగే వస్తువు దేని ముందూ ఇక తెలుగులో నోరెత్తను. ఇంజనీర్నని ఎవరితోనూ చెప్పను, మరీ అడిగితే తప్ప. అయినా మూడోసారి నా కేకకే ఆగింది కాబట్టి, మొదట్లో చెప్పిన మాట మరీ అబద్ధమేం కాదు.

ఇంతవరకూ రాసి పైడమ్మకి చదివి వినిపించాను. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా ఆవిడకి బెంగాలీ ముక్క రాదని నేను అందరికీ చెబుతుంటాను. చేపకి పొలుసు గీకుతూ, తల ఎత్తకుండా అంది.

"పాతికమందేటి, పదకొండుమంది. మూడోసారి నీకు గొంతెక్కడుంది? బొంగురుపోయింది. పరాయోళ్ళందరికీ థామో అని, మాకేమో ఆగెహె అంటన్నావు. నాను కళ్ళు మూసుకున్నాను గానీ సెవులు మూసుకున్నానేటి? తొట్టిలోంచి థామో అని అరిసింది నాను. అదీ రాయి."