నెస్టర్ పంచిన పిలకలు

మా వీధి చివరింట్లో నెస్టర్ హవ్రిలిష్ ఉంటాడు. ముప్ఫై ఏళ్లు ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లల్లేరు. భార్య పరాస్కా పోయి పన్నెండేళ్లయింది. నోరు దురుసు, చెయ్యి మాత్రం పెద్దది.

కెనడాలోని మా సస్కాచెవాన్ చలికి చెర్రీ బతకదని మా పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. మైనస్ నలభైని కూడా తట్టుకునే పొట్టి చెర్రీ పొదలు వచ్చాయని విని, ఊళ్లో అందరికంటే ముందు తెచ్చి నాటింది నెస్టరే. నాలుగో ఏటికి ఆరు పొదలూ విరగకాశాయి. చూడ్డానికి పరాస్కా లేదు.

ఆ ఆగస్టు నుంచి బకెట్లు పట్టుకుని ఊరంతా అతని పెరట్లోనే.

"ఏయ్, ఎర్రబడితే పండినట్టేనా? నల్లబడేదాకా ఆగలేరా? ఏం, ఇంట్లో తిండి పెట్టట్లేదా?" అని కేకలేసేవాడు. మేం నవ్వుకుంటూ కోసేవాళ్లం. సాయంత్రం అతని వంటింట్లోనే ఆడవాళ్లం పిండి ఒత్తి, లోపల చెర్రీలు కూరి, వరెనికీలు ఉడికించేవాళ్లం. పుల్లమీగడ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ కదిలేవారు కాదు.

ఆ పొదలకు వేళ్ల నుంచి పిలకలు పుట్టుకొస్తూనే ఉంటాయి. నెస్టర్ వాటిని వసంతంలో తవ్వి, తడి గోనెపట్టాలో చుట్టి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇంటింటికీ పంచాడు. నాకిచ్చినప్పుడు అలవాటుగా ఏదో అనబోయాను.

"నోర్ముయ్ దార్యా! థాంక్స్ చెబితే మొక్క చస్తుందని మీ అమ్మ చెప్పలేదూ?"

మా ఉక్రేనియన్లలో మొక్క తీసుకున్నందుకు కృతజ్ఞత చెప్పం. మాట్లాడకుండా తెచ్చుకున్నాను. ఊళ్లో అందరూ అంతే.

ఒక్క పిలకా చావలేదు. మూడు నాలుగేళ్లలో ప్రతి పెరట్లోనూ కాపు మొదలైంది. నెస్టర్ ఇంటికి బకెట్లు రావడం ఆగిపోయింది. అతనంటే ఎవరికీ కోపం లేదు, అవసరం తీరిపోయింది. అందరితో పాటు నేనూ మానేశాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పోయిన ఆగస్టులో చర్చి మెట్ల దగ్గర అందర్నీ పిలిచాడు.

"శనివారం రండి. ఈసారి పిండి కూడా నేనే కలుపుతా."

"మావే రాలిపోతున్నాయి బాబాయ్, నీవి కూడా ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారెవరో. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

శనివారం సాయంత్రం అటుగా కారులో వస్తూ చూశాను. పెరట్లో పొడుగుబల్ల వేసి, వరసగా పళ్లేలు పెట్టి, తెల్లచొక్కా వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. నేను కారు ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే మా పొదల్లో కాయలు కోస్తుంటే మనసు ఊరుకోలేదు. ఖాళీ బకెట్ తీసుకుని వెళ్లాను.

"మా చెర్రీలన్నీ పిట్టలు తినేశాయి బాబాయ్."

నా వేళ్ల వంక చూశాడు. గోళ్ల సందుల దాకా ఎర్రటి రసం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతను లోపలికెళ్లి ఇంకో స్టూలు తెచ్చి వేశాడు.

ఇద్దరం పొద చెరోవైపూ కూర్చుని కోశాం. బకెట్ సగం నిండింది. అప్పుడు నా వైపు చూడకుండా అడిగాడు.

"రేపు కూడా తినేస్తాయా, పిట్టలు?"