కుందేలు అడిగిన గది

మొన్న మధ్యాహ్నం మా పక్క ఫ్లాటువాళ్ళ కూలర్ చెడిపోతే, కిటికీకి గోనెపట్టా కట్టి నీళ్ళు చల్లారు. నాందేడ్ ఎండ ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. మే నెలలో మిట్టమధ్యాహ్నం మా దగ్గర కాకి కూడా అరవదు. ఆ నిశ్శబ్దంలో తడిసిన గోనెపట్టా వాసన నా గదిలోకి వచ్చింది. చేతిలో చీపురు అక్కడే పడేసి కూర్చుండిపోయాను. ఒళ్ళు జలదరించింది. భయం కాదు, భయమే అయితే ఆ వాసనను అంత ఇష్టంగా పీల్చుకునేదాన్ని కాదు. దానితోపాటు సుమన్‌బాయి గుర్తుకొచ్చింది, ఆమె ఇంట్లో ఎప్పుడూ గడియ పెట్టి ఉండే మధ్యగది గుర్తుకొచ్చింది.

నేను పుట్టిపెరిగిన దెగ్లూర్‌లో మా ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ ఒకటే గోడ. మరాఠీ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పంతులమ్మను మా వైపు 'బాయి' అంటారు. బడిలో మరాఠీ, బజారులో దక్కనీ, ఇంట్లో తెలుగు మాట్లాడేది. కోపం వస్తే మాత్రం మూడూ కలిపి వడ్డించేది. భర్త లేడు. ఒక్కగానొక్క కూతురు రేఖ, నేను పుట్టకముందే, కామెర్లతో ఆ మధ్యగదిలోనే పోయింది. అప్పటికి ఆ పిల్ల ఇంకా బడికి పోయే వయసుదే. బాయి ఆ గదిని ఉన్నదున్నట్టు ఉంచింది. మంచం, దానిమీద బొంత, మేకుకు వేలాడే బడిసంచి. ఊడవడానికి వెళ్ళేముందు తలుపుమీద వేలితో తట్టి, "రేఖా, తలుపు తీస్తున్న" అనేది. కాసేపు ఆగేది. తరవాతే గడియ తీసేది. వాకిట్లోంచి ఆ ఆగడం చూసి నేను మా ఇంట్లోకి పరుగెత్తేదాన్ని. లోపలినుంచి 'ఊఁ' అని వినబడితే తప్ప మనిషి అంత సరిగ్గా ఆగదనిపించేది. ఎండాకాలం వస్తే మూసిన కిటికీ మీద గోనెపట్టా వేసి తడిపేది. ఎవరూ పడుకోని గదికి చల్లదనం ఎందుకని ఆమెను అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. వెనకాల మాత్రం తలొక మాట అనేవాళ్ళు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా చిన్నమామ నాందేడ్ నుంచి ఒక జత తెల్ల కుందేళ్ళు తెచ్చాడు. తేవడం తేలికే, వాటికి చోటు చూపించడమే మా ఎవరికీ చేతకాలేదు. నాన్న ఇనుపజాలీ డబ్బా ఒకటి చేయించి రేకులషెడ్డు కింద పెట్టాడు. ఆ వేడికి ఒకటి నోరు తెరిచి చచ్చిపోయింది. ఇంకొకటి పిల్లి నోట పడుతుందేమోనని మా నానమ్మ చేసిన పని చూడండి. పెరుగుకుండ దించేసి, దీన్ని బుట్టలో కూర్చోబెట్టి, ఉట్టిలో వేలాడదీసింది! పాలూ పెరుగూ క్షేమంగా ఉన్న చోట ఇదెందుకు ఉండదని ఆవిడ వాదన. ఉట్టి ఊగినప్పుడల్లా ఆ కుందేలు బుట్ట అడుక్కి అతుక్కుపోయేది. గడ్డిపోచ కూడా ముట్టలేదు. నాన్న చూసి చూసి, "ఎల్లుండి అంగట్ల ఖాటిక్‌కు ఇచ్చేస్త. మన కండ్లముందట సావకుండ ఉంటది" అన్నాడు. ఖాటిక్ అంటే మాంసం కొట్టేవాడు. నేను కూడా అన్నం మానేశాను. అది పోతే నేనూ పోతానని నిజంగానే అనుకున్నాను. ఆ వయసు అట్లాంటిది.

తోడుపెట్టుకోను పెరుగు అడగడానికి వచ్చిన బాయి, తలెత్తి ఉట్టికేసి చూసింది.

"ఏందక్కా ఇది? ఉట్టిల పాలు పెడ్తరు, పానం పెడ్తరా?"

"పిల్లి తింటది గద బాయీ," అంది నానమ్మ.

"పిల్లికంటె ముందుగాల భయమే తింటది దాన్ని. కాళ్ళకింద నేల లేకుంటె నువ్వు బువ్వ తింటవా?" బుట్ట దించి నా చేతిలో పెట్టింది. "మీ నాయిన ఇల్లు కట్టేటప్పుడు ఏం జేసిండు పిల్లా? జాగల ఆవును, లేగను ఇడిసిపెట్టిండు. ఆవు యాడ పండుకుంటె ఆడ దేవుని అర్ర కట్టిండు. మనిషి ఇంటికే పశువును అడుగుతిమి. పశువు ఇంటికి పశువును అడగమా? పా, మా ఇంటికి తీసుకరా."

ఆ ఇంట్లోకి అంత లోపలికి నేను వెళ్ళడం అదే మొదలు. బాయి కుందేలును వంటింట్లో వదిలి, నన్ను బోర్లా పడుకోమంది. తనూ ఆ వయసులో మూలుగుతూ నా పక్కన పడుకుంది. చెంపకు నేలమీది శాబాద్ బండ చల్లగా తగిలింది. "దానంత ఎత్తుల ఉండి చూడు. నిలబడి చూస్తె ఇల్లు నీకే నచ్చుతది, దానికి గాదు." చూస్తే నిజమే. నిలబడ్డప్పుడు కనబడని, వాడిన నీళ్ళు పోయే మోరీ కంత, నేలమీద పడుకుంటే ముంగిస దూరేంత పెద్దగా కనబడింది. తరవాత ముందరి గదికి తీసుకుపోతే, రోడ్డున బస్సు పోయినప్పుడల్లా అక్కడ బండలు అదిరాయి. రెండు చోట్లా కుందేలు వెనకకాలితో నేలను దబ్బుమని తన్నింది.

"తన్నిందంటె మనకు కానరానిదేదో దానికి కానొచ్చినట్టు," అంది బాయి. "పక్కకు ఒరిగి కాళ్ళు సాపిందనుకో, నమ్మకం కుదిరినట్టు. నమ్మినకాడ తప్ప గట్ల పండదది."

అప్పుడు కుందేలు మా ఇద్దరినీ వదిలేసి, గోడవెంబడే మధ్యగది దాకా పోయింది. తలుపు కింది సందులో ముక్కు పెట్టింది. చెవులు రెండూ నిక్కబొడుచుకుని అక్కడే ఉండిపోయింది, లోపల ఎవరో నెమ్మదిగా కథ చెబుతుంటే వింటున్నట్టు. వీధిలో అలికిడి లేదు. నేను లేచి కూర్చుని వెనక్కి జరిగాను.

"వద్దు బాయీ, వంటింట్లనే పెడ్దాం. కంత మూసేద్దాం," అన్నాను.

"అది అడిగింది గద బిడ్డా." బాయి లేచి తలుపు తట్టింది. "రేఖా, తలుపు తీస్తున్న. ఒక్కదాన్నే గాను." ఆ రోజు ఎక్కువసేపు ఆగింది.

లోపల చీకటిగా, తడి గోనెపట్టా వాసనతో చల్లగా ఉంది. కుందేలు తిన్నగా మంచం దగ్గరికి పోయి, వెనకకాళ్ళమీద లేచి, పట్టెమీద ముందుకాళ్ళు ఆనించి, తలగడవైపు చూసింది. బాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఇగ తన్నుతది సూడు. ఇప్పుడు తన్నుతది," అని గొణిగింది. ఆమె భయపడుతోందనుకుని మొహంలోకి చూశాను. అది భయం కాదు, ఆశ. ఇన్నేళ్ళూ తలుపు తట్టి ఆగినా జవాబన్నది ఆమెకు ఒక్కనాడూ రాలేదు. లోపల పిల్ల ఉందని ఒక్క ప్రాణి చెబితే చాలునన్నట్టు నిలబడింది. అప్పటిదాకా తన్నకూడదని దేవుళ్ళకు మొక్కుకుంటున్న నేను, ఆమె మొహం చూశాక, తన్నాలని మొక్కుకున్నాను.

అది తన్నలేదు. మంచం కిందికి దూరి, ఒక చుట్టు తిరిగి, పక్కకు ఒరిగి, కాళ్ళు బారచాపింది. కళ్ళు మూతలు పడ్డాయి.

బాయి చెయ్యి వదులైంది. "ఎవ్వలు లేరు," అంది. "ఉత్త గోడలతోని మాట్లాడిన ఇన్నేండ్లు."

కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. బడి మొత్తాన్నీ గడగడలాడించిన మనిషి అట్లా ఏడవడం చూసి బెదిరినంతగా, దయ్యాన్ని చూసినా బెదిరేదాన్ని కాదేమో. ఏదో ఒకటి అనాలని అనేశాను: "బాయీ, నమ్మినకాడనే గిట్ల పంటదని మీరే అంటిరి గద. మా ఇంట్ల మేమందరం ఉన్నా ఒక్కనాడు పండలే. ఎవ్వలు లేనికాడ గింత నిమ్మలంగ పంటదా?"

బాయి నా వైపు చూసింది. తరవాత మంచం కింద ఎగిసిపడుతున్న ఆ తెల్లటి పొట్టను చాలాసేపు చూసింది. మొహం తుడుచుకుంది.

"ఐతే గా కిటికి తెరువు," అంది. "ఇద్దరికి గాలి ఆడాలె."

ఖాటిక్ మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. ఆ కుందేలు చాలా ఏళ్ళు ఆ గదిలోనే ఉంది. జాలీ లేదు, డబ్బా లేదు. మంచం కింద గోనెసంచి, మూలకు మట్టిమూకుడులో నీళ్ళు. నేను మెంతికూర కాడలు తెచ్చేదాన్ని. అది బడిసంచి పట్టీ కొరికేస్తే బాయి, "రేఖ చూస్తె ఊకుంటదా?" అని కసిరి, తనే నవ్వేది. ఆ తలుపుకు గడియ పెట్టడం మానేసింది. కొన్ని మధ్యాహ్నాలు కుందేలు మంచం పక్కన కూర్చుని, కళ్ళు అరమూసి, గదవ పైకెత్తి కదలకుండా ఉండేది. గదవ కింద నేను నిమిరినప్పుడు సరిగ్గా అట్లాగే పెట్టేది. అప్పుడు దాని దగ్గర నేను లేను, బాయీ లేదు. ఇద్దరం గడపలోనుంచి చూసేవాళ్ళం. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

బాయి ఇప్పుడు లేదు. అద్దె ఇల్లు చూడటానికి పోతే నేను నేలమీద పడుకుని చూస్తానని మావారు అందరికీ చెప్పి నవ్విస్తారు. నవ్వుకోనీ. మంచాన పడ్డ మా అత్తగారికి గది ఎంచింది కూడా అట్లాగే, ఆమె తలగడ మీద తల పెట్టి చూశాకే. ఆ మధ్యగదిలో ఎవరైనా ఉన్నారో లేదో నాకు నేటికీ తెలియదు, తేల్చుకోవాలనీ లేదు. కానీ ఒక్కదాన్నే ఉన్న ఇంట్లో కూడా కిటికీ తెరిచేటప్పుడు, అది నా ఒక్కదాని కోసమేనని నేను ఏనాడూ అనుకోలేదు.